కూతురా? కోడలా? ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ నవలలో వర్గం, వివాహం, ఇంటిమనిషి స్థానం

వ్యాససంగ్రహం:
జేన్ ఆస్టెన్ 1814లో ప్రచురించిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ నవలలో ఒక పేద బాలిక సంపన్నులైన బంధువుల ఇంట పెరిగి, చివరకు ఆ ఇంటి కోడలవుతుంది. ఈ ముగింపును సద్గుణానికి దక్కిన ఫలంగా చదవడం పరిపాటి. తెలుగు బంధుత్వపదాల వెలుగులో చదివితే అదే ముగింపు మరోవిధంగా కనిపిస్తుంది. ఆ ఇల్లు ఫానీని కూతురిగా స్వీకరించలేకపోవడమే ఆమె కోడలు కావడానికి వీలు కల్పించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జేన్ ఆస్టెన్, ఆంగ్లనవల, వర్గం, వివాహం, వావివరసలు, అనువాదం.

1. ఉపోద్ఘాతం:
ఆస్టెన్ నవలల్లో వివాహానికి, ఆస్తికి గల సంబంధంపై విమర్శ విస్తారంగా వచ్చింది. అయితే ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ కథానాయిక ఫానీ ప్రైస్ తక్కిన నాయికల వంటిది కాదు. వారికి స్వల్పమైనదైనా తమదంటూ ఒక ఇంటి నేపథ్యం ఉంటుంది. ఫానీ పరుల ఇంట, వారి దయపై పెరిగిన పిల్ల. ఆమె నిరాడంబరతను, మౌనాన్ని మెచ్చని పాఠకులు అనేకులు. ఈ నాయికను ఇష్టపడటం కష్టమన్న సంగతిని లయొనెల్ ట్రిల్లింగ్ కూడ ప్రస్తావించాడు. ఆ మౌనం స్వభావం నుండి పుట్టిందా, స్థానం నుండి పుట్టిందా అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. మూడు వివాహాలు – మూడు అంతస్తులు:
నవల ముగ్గురు అక్కచెల్లెళ్ళ వివాహాలతో ఆరంభమవుతుంది. రెండవదైన మరియా వార్డ్ ఏడువేల పౌండ్ల కట్నంతోనే నార్తాంప్టన్ ప్రాంతపు బారొనెట్ సర్ థామస్ బెర్‌ట్రమ్‌ను వివాహమాడి లేడీ బెర్‌ట్రమ్ అయింది. ఆ హోదాకు ఆమె కట్నం కనీసం మూడువేలు తక్కువని న్యాయవాది అయిన ఆమె మామయ్యే లెక్కగట్టాడు. పెద్దామె కొన్నేళ్ళు వేచి చూసి, సొంత ఆస్తి అంతగా లేని మతాచార్యుడు నారిస్‌ను చేసుకుంది. మరిది చలవతో ఆయనకు మాన్స్‌ఫీల్డ్‌లోనే చర్చి పదవి లభించింది. మూడవదైన ఫ్రాన్సిస్ చదువూ ఆస్తీ పరిచయాలూ లేని నౌకాసైన్యపు లెఫ్టినెంటును వివాహమాడి పుట్టింటివారికి దూరమైంది.

ఒకే తల్లి బిడ్డల మధ్య ఇంతటి అంతరాన్ని కల్పించినది పుట్టుక కాదు, వివాహం. పదకొండేళ్ళ తరువాత తొమ్మిదవ కాన్పుకు సిద్ధమవుతున్న ఫ్రాన్సిస్ సహాయం కోరుతూ అక్క లేడీ బెర్‌ట్రమ్‌కు ఉత్తరం రాసింది. దాని ఫలితంగా ఆమె పెద్దకూతురు ఫానీ పదేళ్ళ వయసులో మాన్స్‌ఫీల్డ్ చేరింది.

3. గదులు చెప్పే సంగతి:
పిల్ల రాకముందే సర్ థామస్ ఆమె స్థానాన్ని నిర్ణయించాడు. తన కూతుళ్ళు ఆమెను చులకన చేయరాదు. అలాగని ఆమె తనను బెర్‌ట్రమ్ కన్యలతో సమానురాలిగా భావించనూ రాదు. హోదాలోను, హక్కులలోను వ్యత్యాసం నిలిచి ఉండాలి. ఆయన క్రూరుడు కాడు. క్రూరత్వం అవసరం లేకుండానే అసమానతను మర్యాదగా నిలుపుకోగల వ్యవస్థకు ప్రతినిధి.

ఆ నిర్ణయం గదుల కేటాయింపులో వ్యక్తమవుతుంది. ఫానీకి పైకప్పు కింద ఒక చిన్న గది ఇచ్చారు. తరువాత ఎవరికీ అక్కర లేని పాత చదువుగది, అనగా తూర్పుగది, ఆమె వాడకంలోకి వచ్చింది. అయితే అందులో నిప్పు రాజేయరాదని శ్రీమతి నారిస్ షరతు విధించింది. శీతదేశంలో నిప్పు లేని గది అంటే, ఆశ్రయం ఉన్నా ఆదరణ లేదన్నమాట. ఇంటివారు నాటకప్రదర్శనకు పూనుకొన్నప్పుడు ఫానీ పాత్ర ధరించడానికి వెనుకాడగా, ఆమె ఎవరో, ఏ స్థితిలోనిదో తలచుకొంటే ఇది కృతఘ్నత అని అందరి ముందు దెప్పినదీ శ్రీమతి నారిసే. సర్ థామస్ మర్యాదగా దాచిన మాటను ఆమె పైకి అన్నది, అంతే.

4. నిరాకరణ – వసూలుకు వచ్చిన ఋణం:
ధనవంతుడు హెన్రీ క్రాఫర్డ్ ఫానీని వివాహమాడగోరాడు. అంతకుముందే తన పినతండ్రి పలుకుబడితో ఆమె అన్న విలియమ్‌కు నౌకాదళంలో పదోన్నతి ఇప్పించాడు. ఫానీ నిరాకరించింది. తన కళ్ళ ఎదుట మరియా, జూలియాల మనసులతో అతడు ఆడుకొన్న తీరు ఆమెకు తెలుసు. కాని ఆ కారణం చెబితే సర్ థామస్ కూతుళ్ళ పరువు పోతుంది. ఎడ్మండ్‌పై తనకు గల ప్రేమనూ చెప్పలేదు. కాబట్టి ఆమె మౌనం పిరికితనం కాదు. ఏ సమాధానమూ చెప్పడానికి వీలులేని స్థానం.

సర్ థామస్ ఆమెను మొండిదని, కృతజ్ఞత లేనిదని నిందించాడు. నిప్పు లేని గదిని ఆయన గమనించి, రోజూ నిప్పు వేయించమని ఆజ్ఞాపించినదీ ఆనాడే. మందలింపు, ఆదరణ ఒకే పూట రావడం గమనార్హం. ఆదరణ కూడ ఋణానికి మరొక పద్దు అవుతుంది. ఆ తరువాత పుట్టింటి పేదరికాన్ని చూస్తే క్రాఫర్డ్ విలువ తెలిసివస్తుందన్న లెక్కతో ఆమెను పోర్ట్స్‌మత్‌కు పంపాడు. అక్కడ ఫానీ తెలుసుకొన్నది వేరు. ఇన్నేళ్ళూ తన ఇల్లని తలపోసినది ఇప్పుడు తన ఇల్లు కాదు. తనను ఇంటిమనిషిగా గుర్తించని మాన్స్‌ఫీల్డే తన ఇల్లుగా తోస్తున్నది.

మరియా వివాహం దీనికి ప్రతిబింబం. ఏడాదికి పన్నెండువేల పౌండ్ల ఆదాయం గల రష్‌వర్త్ తెలివితక్కువవాడని తండ్రి గ్రహించాడు, కూతురిని అడిగాడు కూడ. ఆమె సరేననగానే మరి తరచి చూడక తృప్తిపడ్డాడు. ఇష్టం లేని సంబంధాన్ని అంగీకరించిన కూతురు చివరకు క్రాఫర్డ్‌తోనే లేచిపోయి ఇంటికి దూరమైంది. నిరాకరించిన పేదపిల్ల ఇంటికి ఆధారమైంది.

ఈ సంపదకు ఆంటిగ్వా ద్వీపంలోని ఆస్తితో గల సంబంధాన్ని ఎడ్వర్డ్ సయీద్ 1993లో విశదంగా చర్చించాడు. నవలలో బానిసల వ్యాపారం గురించి సర్ థామస్‌ను ప్రశ్నించినది ఫానీ ఒక్కతే. అప్పుడు అతని సంతానంలో ఎవరూ ఆ మాటను అందుకోలేదు. ఇంటి ఆదాయమూలాన్ని అడగగలిగినది ఆ ఇంట హక్కు లేని మనిషే కావడం యాదృచ్ఛికం కాదు.

5. వావివరసల సమస్య:
ఈ నవలను తెలుగు చేయబూనిన వారికి మొదటి అధ్యాయంలోనే చిక్కు ఎదురవుతుంది. ‘కజిన్’, ‘అంకుల్’ అన్న ఆంగ్లపదాలు వరసను తెలుపవు. తెలుగు పదాలు తెలపకుండా ఉండవు. లేడీ బెర్‌ట్రమ్ ఫానీకి పెద్దమ్మ, సర్ థామస్ పెద్దనాన్న, ఎడ్మండ్ అన్న. మేనరికం సమ్మతమైన తెలుగునాట పెద్దమ్మ కొడుకుతో పెళ్ళి ఊహకందనిది. ‘బావ’ అని అనువదిస్తే వరస తప్పుతుంది. ‘అన్న’ అంటే కథ సాగదు. ఆనాటి ఇంగ్లండులో ఇటువంటి వివాహాన్ని చట్టమూ చర్చీ అనుమతించాయి.

ఈ చిక్కు అనువాదానికి మాత్రమే పరిమితం కాదు. ‘పెద్దనాన్న’ అన్న పదంలోనే ‘నాన్న’ ఉన్నాడు. తెలుగు వరస ఫానీకి పుట్టుకతోనే కూతురి స్థానం ఇస్తుంది. మాన్స్‌ఫీల్డ్ ఆమెకు ఇవ్వనిది సరిగ్గా అదే. అన్నాచెల్లెళ్ళుగా కలిసి పెరిగినవారి మధ్య ప్రేమ పుట్టదని శ్రీమతి నారిస్ ఆరంభంలో సర్ థామస్‌కు ధైర్యం చెప్పింది. ఆమె మాట తప్పింది. ఎడ్మండ్ మాత్రం ఆమెను చెల్లెలిగానే చూశాడు. మరియా లేచిపోయిన తరువాత పోర్ట్స్‌మత్‌కు వచ్చి ఆమెను తనకు మిగిలిన ఏకైక సోదరి అన్నాడు. కాని ఇల్లు ఆమెను ఆ ఇంటి బిడ్డగా పెంచలేదు. పెంచి ఉంటే ఈ వివాహానికి సర్ థామస్ మనసే అడ్డుపడేది. కూతుళ్ళిద్దరి నడత వల్ల గాయపడిన ఆయన, తాను కోరుకొన్న కూతురు ఫానీయేనని చివరకు గ్రహించాడు. ఆ గ్రహింపు ఆమె కోడలైన తరువాతనే సాధ్యపడింది. తెలుగు వరసలో కూతురు, కోడలు ఒకరే కాలేరు. ఈ నవలలో కూతురు కావడానికి కోడలు కావడమొక్కటే దారి.

6. ముగింపు:
ఫానీ విజయం నిజమైనదే. పలుకుబడికి, ఋణానికి లొంగక ఒక ‘కాదు’ను చివరిదాకా నిలబెట్టుకొన్నది. అయితే ఆమె ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉండలేదు. లేడీ బెర్‌ట్రమ్ పక్కన కూర్చొని పనులు చేసిపెట్టడానికి చెల్లెలు సూసన్ వచ్చింది. మనిషి పైమెట్టు ఎక్కింది, మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. సంపన్నకుటుంబం పేదబంధువును ఇంటిమనిషిగా గుర్తించడానికి వివాహం తప్ప వేరు మార్గం లేకపోవడమే ఈ నవల బయటపెట్టిన సత్యం. ఆంగ్లపాఠకునికి సుఖాంతంగా తోచేచోట తెలుగు పాఠకుడు తడబడతాడు. ఆ తడబాటును సాంస్కృతిక అంతరంగా కొట్టివేయక విమర్శకు సాధనంగా స్వీకరించినప్పుడు, పరభాషానవలలను తెలుగులో చదవడం వల్ల కలిగే ప్రయోజనం స్పష్టమవుతుంది.