తారు రోడ్డు దిగితేనే

బెంగళూరు నుంచి అనంతపురం వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద దూసుకుపోయేవాళ్లకు పెనుకొండ పరిసరాల్లో ఎర్రమంచి దగ్గరి కియా ఫ్యాక్టరీ, పైన కొండ కోట, ఆపై ఎండిన నేల. అంతే. హిందూపురంలో బయల్దేరి, వీలైనంత వరకు ఊళ్ల దారులే పట్టి, పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా పొద్దంతా పోయి చూడండి. ఆ మాట మళ్లీ అనబుద్ధి కాదు.

ఇలా పోవడం నేర్చుకోవాల్సిన పని. తెల్లారకముందే కదలాలి. ఎండ ముదిరితే ఎర్రనేల, పసుపు బోదగడ్డి, తంగేడు అన్నీ పాలిపోయి ఒకే రంగు అవుతాయి. కారు అద్దాలు దించాలి. లేపాక్షిలో 27 అడుగుల ఏకశిలా నంది ముందు ఫొటో దిగేవాళ్లు చుట్టూ చేలల్లో నిలబడ్డ గుండ్లను ఒకసారి తేరిపార చూడాలి, అవీ ఆ రాతి జాతివే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మజిలీ చిలమత్తూరు మండలం వీరాపురం. చలికాలం చివర్లో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. కొంగపిల్లల అరుపులు, రెట్టల వాసన, ముక్కులు టకటకలాడే చప్పుడు. ఆ చెట్ల కిందే ఆడవాళ్లు బిందెలతో నడుస్తుంటారు. కొంగలొస్తే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం, ఎవరూ వాటిని తరమరు.

1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. అక్కడి గగనమహల్ చూశాక కొండవాలు గడ్డిలోకి కాసేపు నడవండి. ఇలాంటి గడ్డినేలలను మన లెక్కల్లో బంజరు కింద రాస్తారు. గొర్రెల మందలు, గుంటనక్కలు, జింకలు బతికే చోటు బంజరెలా అవుతుంది? ఆస్ట్రేలియావాళ్లు కెయిన్స్ నుంచి బ్రూమ్ దాకా దాదాపు 3,700 కిలోమీటర్ల దారికి ‘సవన్నా వే’ (గడ్డినేల దారి) అని పేరే పెట్టుకున్నారు. ఇలాంటి నేలనే చూడ్డానికి జనం అక్కడ రోజుల తరబడి బండి నడుపుతారు. మనం కనీసం ఆ ‘బంజరు’ రాత మార్చాలి.

ధర్మవరం చేరేసరికి పొద్దు వాలుతుంది. పట్టుచీరల కొట్లకు పోయేముందు చెరువు కట్ట ఎక్కండి.

ఫిబ్రవరిలో రండి. నీళ్లు వెంట తెచ్చుకోండి. మధ్యాహ్నం ఏ ఊళ్లోనైనా రాగిసంకటి, ఊరిబిండి తిని నీడపట్టున ఆగండి. దారికి గొర్రెలు అడ్డమొస్తే హారన్ కొట్టకండి, మంద దాటేదాకా బండి ఆపండి.