రాగిరేకు మీద మూడు సిలువలు

చెడిపోయిన పనిని చెరిపివేయుట ఎవరైనను చేయుదురు. చక్కగా కుదిరిన పనినే తన చేతితో గీకివేసినవాని గూర్చి ప్రియ చదువరులకు చెప్పదలచితిని.

ఆయన హాలెండు దేశపు చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669). రంగుల చిత్రములే గాక, రాగిరేకులపై గీసి అచ్చొత్తిన చిత్రములు ఇంచుమించు 300 చేసెను. వాటిలో 1653వ సంవత్సరపు 'మూడు సిలువలు' ఒకటి.

మన పెద్దలు తాటాకుపై గంటముతో వ్రాసి, మసి పూసి తుడిచినప్పుడు గీతలలోనే నలుపు నిలిచెడిది గదా! రాగిరేకు అచ్చు కూడ అట్టిదే. పదునైన సూదితో రేకును గీసి, సిరా పూసి, పైభాగమును తుడిచి, తడికాగితము వేసి గట్టిగా నొక్కుదురు. నాగటి చాలు ప్రక్కన మన్ను లేచినట్లు, సూది పోయినచోట రాగి సన్నని అంచుగా లేచును. నగిషీ పనివారు దానిని గీకివేయుదురు. రెంబ్రాంట్ దానిని ఉండనిచ్చెను. ఆ అంచు సిరాను పట్టుకొని గీతకు మఖమలు వంటి మెత్తని నలుపు నిచ్చును. కాని కొన్ని పదుల ప్రతులు ఒత్తునప్పటికే అది నలిగిపోవును. కొన్ని ప్రతులను ఆయన దూడతోలుపై ఒత్తెను. తోలు సిరాను అంతగా పీల్చదు గనుక గీతలు ఒకదానితో నొకటి కలిసి మృదువగును.

మొదటి అచ్చులలో ఆకాశమునుండి వెలుగు ధారగా దిగుచున్నది. క్రింద రౌతులు, దుఃఖించు స్త్రీలు, సిలువయెదుట చేతులు చాపి మోకరించిన శతాధిపతి. ఒక్కొక్కరిని చూచి కథ చెప్పుకొనవచ్చును.

తరువాత ఆయన ఆ రేకునే తీసికొని చాలభాగము గీకి, నున్నచేసి, పైనుండి క్రిందికి బరువైన గీతలు లాగెను. అనేకులు మాయమైరి. కుడివైపు దొంగ దాదాపు చీకటిలో మునిగెను. శతాధిపతి సులువుగా కంటికి దొరకడు. పొడవైన టోపీ పెట్టిన రౌతు ఒకడు క్రొత్తగా వచ్చెను. వాని రూపము ఇటలీవాడైన పిసనెల్లో 15వ శతాబ్దమున చేసిన పతకమునుండి గ్రహింపబడినది.

ఇది చిత్రమును పాడుచేయుట కాదా? ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. బండరాతివలె బిగిసియున్న ఆ రౌతు నాకును రుచింపడు. శతాధిపతిని పోగొట్టుకొనుట నష్టమే. అయినను రెండవదే గొప్పదని నా తలంపు. మొదటిదానిలో మనము ఒడ్డున నిలిచి ఇతరుల దుఃఖమును చూచుచున్నాము; మన కన్ను గుంపులో తిరుగుచు విశ్రాంతి పొందును. రెండవదానిలో కంటికి వేరు చోటు లేదు. లూకా 23వ అధ్యాయములోని మూడు గంటల చీకటిని మొదటి చిత్రము తెలియజేయును. రెండవది మనలను అందులో నిలువబెట్టును.

చాల వివరములు చెప్పిన ప్రసంగము మంచిదని మనము అనుకొందుము. సోదరులారా, ఒక్కొక్కప్పుడు మన నేర్పే సిలువకు అడ్డుగా నిలుచును. రాగిని గీకిన ఆ చేయి మనకు నేర్పు పాఠము ఇదే: చక్కగా కుదిరినదంతయు ఉంచదగినది కాదు.