గాలి ముదరకముందే చాప తగ్గించాలి

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. పొద్దున వేదాద్రిలోనో ముక్త్యాలలోనో కృష్ణలో మునిగి, దీపాలు వదిలి ఇళ్లకు చేరిన జగ్గయ్యపేట, నందిగామ జనం సాయంత్రానికి టీవీల ముందు నోట మాట రాక కూర్చుండిపోయారు. దిగువన ఇబ్రహీంపట్నం దగ్గర, పవిత్ర సంగమం వద్ద, హారతి చూడటానికి వస్తున్న యాత్రికుల పడవ తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లే. పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారనీ, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవనీ వార్తలు వచ్చాయి. ఒడ్డు కళ్ల ముందే ఉంది.

సరిగ్గా ఆ రోజే ఆస్ట్రేలియాకు దక్షిణాన, ఏ ఒడ్డూ కనపడని నీళ్ల మీద, 56 అడుగుల తెరచాప పడవ ఒకటి న్యూజిలాండ్ వైపు పోతోంది. పడవ పేరు తారిణి. అందులో ఉన్నది ఆరుగురు నౌకాదళ అధికారిణులు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువాళ్లు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, భూగోళం చుట్టి, 2018 మే 21న మళ్లీ గోవాకే చేరారు. 21,600 నాటికల్ మైళ్ల పైచిలుకు, 254 రోజులు. ఆరుగురూ క్షేమంగా ఇల్లు చేరారు.

ఈ రెండు సంగతులూ నా మనసులో అప్పటి నుంచి పక్కపక్కనే ఉండిపోయాయి. తారిణి మాట ఎత్తగానే మా వైపు ఎవరైనా ముందు అనేది ‘అబ్బ, ఎంత గుండె ధైర్యం!’ అని. వాళ్ల ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ పవిత్ర సంగమం పడవ ఎక్కినవాళ్లూ పిరికివాళ్లేం కారు. వాళ్లను నది మీదికి తీసుకెళ్లినవాళ్లకు నీటి పని తెలియలేదు, తెలిసినా పాటించలేదు. సముద్రయానాన్ని సాహసగాథగా మాత్రమే చెప్పుకుంటూ పోవడం వల్ల మనం ఆ పనిని చూడటం మానేశామని నా అభిప్రాయం.

హుస్సేన్ సాగర్‌లో ఓ చిన్న తెరచాప పడవ మీద నేను కొంత నేర్చుకున్నాను. మొదటి పాఠం పడవ నడపడం అనుకుంటే పొరపాటే. లైఫ్ జాకెట్ వేసి, పట్టీలు లాగి చూసి, కావాలనే పడవను తిరగెయ్యమన్నారు. తిరగేశాక పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే పలక మీద బరువు వేసి దాన్ని మళ్లీ నిలబెట్టాలి, ఎక్కాలి, నీళ్లు తోడాలి. తిరగబడటం ఒకసారి ఒంటికి తెలిస్తే, తర్వాత నిజంగా తిరగబడినప్పుడు బుర్ర పనిచేస్తుంది. రెండో పాఠం చాపను అదుపుచేసే మోకు గురించి. దాన్ని దేనికీ కట్టెయ్యకూడదు, చేతిలోనే ఉండాలి. చెయ్యి ఎంత నొప్పి పుట్టినా సరే. ఉన్నట్టుండి గాలి కొడితే వేళ్లు వదిలితే చాలు, చాపలో గాలి జారిపోయి పడవ నిలబడుతుంది. కట్టేసి ఉంటే విప్పేలోగా నీళ్లలో ఉంటాం.

పెద్ద పడవల మీద, మహాసముద్రంలో కూడా, అసలు విద్య చాపకు తగిలే గాలిని తగ్గించుకోవడమే. తారిణి లైటెల్టన్ రేవు వదిలి దక్షిణ పసిఫిక్ దాటి ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ చేరడానికి దాదాపు ఆరు వారాలు పట్టింది. గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలులు, పది మీటర్ల అలలు. అటువంటి చోట అంత గాలికి మొత్తం చాప ఎత్తి ఉంచితే చాపకొయ్య విరగొచ్చు. అందుకని చాపను మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. చాపను పైకి లాగి పట్టిన మోకును సడలించాలి, చాపను ఒక మెట్టు దించాలి, దాని ముందు మూలను కొక్కేనికి తగిలించాలి, మోకును మళ్లీ బిగించాలి, వెనక మూలను అడ్డకొయ్య మీదికి లాగి కట్టాలి. రాసేటప్పటికి నాలుగు ముక్కలు. చీకట్లో, వేళ్లు కొంకర్లు పోయే చలిలో, ఒంటికి వేసుకున్న రక్షణ పట్టీల తాడు కొసను పడవకు తగిలించుకుని, మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి చెయ్యాల్సిన పని ఇది. తాడు తగిలించుకోకుండా చీకట్లో బయటికి అడుగు పెట్టరు. సముద్రం అద్దంలా ఉన్న రాత్రి అయినా సరే.

చాప ఎప్పుడు తగ్గించాలి? తగ్గిద్దామా అన్న ఆలోచన మొదటిసారి వచ్చినప్పుడే. అనుభవజ్ఞులైన నావికులందరూ చెప్పే మాట ఇది. గాలి ముదిరాక ఆ పని చెయ్యడం నాలుగింతలు కష్టం, ఒక్కోసారి అసాధ్యం. ఇది చదివినప్పుడు నాకు మా నందిగామ చుట్టుపక్కల మిర్చి కళ్లాలు గుర్తొచ్చాయి. పడమట మబ్బు కాస్త నల్లబడగానే పట్టాలు పరిచే రైతు ఉంటాడు, చినుకు పడనీ చూద్దాం అని కూర్చునే రైతూ ఉంటాడు. పట్టా కప్పాక వాన రాకపోతే మొదటివాడికి పోయేది ఓ గంట శ్రమే.

ఇక మరమ్మతు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూగోళం చుట్టివచ్చిన మొట్టమొదటి మనిషి బ్రిటన్‌కు చెందిన రాబిన్ నాక్స్ జాన్‌స్టన్. 1968 జూన్ 14న ఫాల్మత్‌లో బయల్దేరి 312 రోజుల తర్వాత 1969 ఏప్రిల్ 22న అక్కడికే తిరిగొచ్చాడు. అది ఒంటరిగా భూగోళం చుట్టే పోటీ. బయల్దేరింది తొమ్మిదిమంది, పూర్తి చేసింది ఇతనొక్కడే. అతని సుహైలీ 32 అడుగుల టేకు పడవ, బొంబాయిలో మన వడ్రంగులు కట్టినది. అట్లాంటిక్‌లో దాని అడుగు పలకల సందుల్లోంచి నీరు ఊరడం మొదలైంది. అతను సుత్తి పట్టుకుని సముద్రంలో దిగి, ఊపిరి బిగబట్టి పడవ కిందికి మునిగి, సందుల్లో పత్తి కూరి, దాని మీద కాన్వాస్ గుడ్డ, రాగి రేకు వేసి మేకులు కొట్టాడు. ఊపిరి అందే కాసేపు పైకి, మళ్లీ కిందికి. ఓ సొరచేప చుట్టూ తిరగడం మొదలుపెడితే పైకొచ్చి దాని సంగతి చూసి, మళ్లీ దిగాడు. ఆ తర్వాత మంచినీటి తొట్లు పాడైతే వాన నీళ్లు పట్టుకుని తాగాడు. రేడియో చెడిపోయి నెలల తరబడి అతను బతికున్నాడో లేదో లోకానికి తెలియలేదు. పత్తి పండించే ఈ నేల మీద కూర్చుని ఆ యాత్ర గురించి అతను రాసిన పుస్తకం చదువుతుంటే, చేరెడు దూదితో ఒక పడవను నిలబెట్టుకున్న ఆ పేజీల దగ్గర ఆగిపోయేవాణ్ని.

తారిణికీ అలాంటి గండం వచ్చింది. కేప్‌టౌన్ దాటాక చుక్కాని తిప్పే యంత్రం దెబ్బతింటే, అనుకోకుండా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని బయల్దేరారు. ఆగాలని నిర్ణయించడం నాకు ఆ యాత్ర మొత్తంలోకెల్లా గొప్ప విషయంగా కనిపిస్తుంది. గోవా దగ్గరపడుతోంది, దేశమంతా ఎదురుచూస్తోంది, అయినా ఆగారు.

మెట్టవాళ్లకు సముద్రంతో పనేమిటని అడిగేవాళ్లకు ఆ ఆరుగురి ఊళ్లు చెబుతాను. కెప్టెన్ వర్తికా జోషిది ఉత్తరాఖండ్. ప్రతిభా జామ్‌వాల్‌ది హిమాచల్‌లోని కులూ. విజయా దేవిది మణిపూర్. పాయల్ గుప్తాది డెహ్రాడూన్. ఐశ్వర్యది హైదరాబాదు. సముద్రపు ఒడ్డు ఊరు స్వాతి ఒక్కరిదే. కొండల్లో, పీఠభూమి మీద పుట్టినవాళ్లు మహాసముద్రాలు దాటడం నేర్చుకున్నారు, ఎందుకంటే ఎవరో వాళ్లకు నేర్పారు.

మన నేలకు సముద్రంతో బంధం కొత్త కూడా కాదు. జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం ఉన్న ధనంబోడును ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి కాలపు శాసనం వెలగిరి అంటోంది. అదే కృష్ణ దిగువకు పోతే ఘంటసాల. అక్కడి ప్రాకృత శాసనమొకటి శివకుడనే మహానావికుణ్ని పేర్కొంటోంది. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. నదీ తీరంలో స్తూపం కట్టినవాళ్లకూ, నది చివర ఓడ ఎక్కినవాళ్లకూ మధ్య రాకపోకలు ఉండే ఉంటాయని నా నమ్మకం. ఇప్పుడు ముక్త్యాల నుంచి మాదిపాడుకు బల్లకట్టు మీద దాటడం తప్ప మా పిల్లలకు కృష్ణతో ఉన్న పరిచయం స్నానఘట్టం మెట్ల దగ్గరే ఆగిపోయింది. ‘నీళ్ల దగ్గరికి వెళ్లకు నాన్నా’ అని తల్లి చెప్పడంలో తప్పేమీ లేదు. నేర్పేవాళ్లు లేని చోట ఆమె చెప్పగలిగింది అదే.

నేర్పడానికి కావలసినవి ఎక్కువేమీ కాదు. ఆప్టిమిస్ట్ అని పిల్లల పడవ ఒకటుంది, ఎనిమిది అడుగులైనా ఉండదు, ఒకే చాప, ఒకే పిల్ల నడుపుతుంది. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన గీసిన నమూనా, ఇవాళ లోకమంతా పదిహేనేళ్ల లోపు పిల్లలు దాని మీదే నేర్చుకుంటున్నారు. హుస్సేన్ సాగర్‌లో పేదింటి పిల్లలు దాని మీద నేర్చుకుని జాతీయ పోటీలకు వెళ్తున్నారు. వేదాద్రి దగ్గరో ముక్త్యాల దగ్గరో నీరు నిలకడగా ఉండే నెలల్లో అలాంటివి నాలుగు పడవలు, ఒక శిక్షకుడు, పక్కనే కాపు కాసే మోటారు పడవ ఒకటి, ప్రతి పిల్లకూ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ చాలు. జగ్గయ్యపేట, నందిగామ ప్రభుత్వ పాఠశాలల ప్రధానోపాధ్యాయులను, నౌకాదళంలో పనిచేసి ఊరికి తిరిగొచ్చిన మాజీ సైనికులను అడుగుతున్నాను. ఈ వేసవి సెలవుల్లోపు ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం, మీకు వీలైన ఆదివారం చెప్పండి.