వార్ధక్యమున కలసివచ్చు రుగ్మతలు: లెక్కకు అందినవి, అందనివి

ఉరవకొండలో అరువది యైదేండ్ల నేతపనివాని నొకనిని ఊహించుకొనుడు. నలువది యేండ్లు మగ్గపు గుంటలో కాళ్ళు దించి కూర్చుండి పట్టుచీరలు నేసినవాడు. మోకాళ్ళ నొప్పికి మందుల అంగడిలో బిళ్ళలు కొని మ్రింగును. రక్తపుపోటుకు ప్రభుత్వ ఆసుపత్రిలో బిళ్ళలు తెచ్చుకొనును. చక్కెర జబ్బుకు అనంతపురము పోయి వేరొక వైద్యుని చూచును. మందులు మూడు చోట్లనుండి వచ్చుచున్నవి. వానినన్నిటిని ఒకచోట పెట్టి చూచినవారు మాత్రము లేరు.

ఇట్టి వృద్ధుల స్థితిని తెలిసికొనుటకు మన దేశమున జరిగిన మిక్కిలి పెద్ద ప్రయత్నము ‘లాసీ’ అను భారత దీర్ఘకాలిక వార్ధక్య అధ్యయనము. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రముల సంస్థ, అమెరికాలోని హార్వర్డు, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములతో కలసి దీనిని నిర్వహించెను. మొదటి విడత 2017-18లో జరిగెను. నివేదిక 2021 జనవరిలో వెలువడెను. 45 ఏండ్లు, అంతకు పైబడిన వారిని, వారి జీవిత భాగస్వాములను కలుపుకొని 72,250 మందిని పరిశీలించిరి. అందులో 60 ఏండ్లు దాటినవారు 31,464 మంది.

ఈ పని గొప్పతనమును ముందుగా ఒప్పుకొనవలెను. పరిశోధకులు ప్రశ్నలతోనే సరిపెట్టుకొనలేదు. రక్తపుపోటును కొలిచిరి, పిడికిలి బలమును, ఊపిరి శక్తిని పరీక్షించిరి, రక్తపు బొట్లను కాగితముపై సేకరించిరి. ఇంటి రాబడి, చదువు, తోడునీడ మున్నగు విషయములను కూడ అడిగిరి. ముసలితనమును కేవలము వైద్యశాల విషయముగా చూడకుండుట ఈ నివేదికకు గల మొదటి సుగుణము.

ఇక లోపములు. మొదటిది లెక్కించు తీరుకు సంబంధించినది. ఒక మనిషికి రెండు లేక అంతకంటె ఎక్కువ దీర్ఘవ్యాధులున్నచో దానిని బహువ్యాధి స్థితి యందురు. లెక్క సులభము, కాని జబ్బులు సంచిలోని గోళీలవలె విడివిడిగా ఉండవు, గొలుసు కడియములవలె ఒకదాని నొకటి పట్టుకొని లాగును. పై నేతపనివాని సంగతియే తీసికొందము. మోకాళ్ళ నొప్పిచే నడక తగ్గును. నడక తగ్గినచో కండరములు చక్కెరను వాడుకొనుట తగ్గి మధుమేహము ముదురును. నొప్పి తగ్గుటకు మ్రింగు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు శరీరమున ఉప్పును, నీటిని నిలువచేసి రక్తపుపోటును పెంచును. మూత్రపిండములకు పోవు రక్తమును తగ్గించును. హెచ్చిన చక్కెర, హెచ్చిన పోటు అదే మూత్రపిండములలోని సన్నని రక్తనాళములను ఏండ్ల తరబడి దెబ్బతీయుచుండును. ఇట్లు మోకాలివద్ద మొదలైన కథ మూత్రపిండములో తేలును. ‘రెండు జబ్బులు’, ‘మూడు జబ్బులు’ అను అంకెలలో ఈ కథ కనిపించదు.

అనంతపురము పీఠభూమిలో ఈ గొలుసునకు మరియొక కడియము కలదు. ఇక్కడ సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన లేనిచోట గొట్టపు బావి లోతుకు పోవును. నల్లరాతి పొరలలో చాలకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరగి చేరును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మించిన నీటిని దశాబ్దములు త్రాగినచో పండ్లు గారపట్టును, వెన్ను, కీళ్ళు బిగిసిపోవును. 1937లోనే షార్ట్ మున్నగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని వర్ణించిరి. శరీరమునుండి ఫ్లోరైడును ముఖ్యముగా బయటికి పంపునవి మూత్రపిండములే. అవి బలహీనమైనచో ఎముకలలో ఫ్లోరైడు మరింత నిలుచును, నొప్పి హెచ్చును, నొప్పి బిళ్ళలును హెచ్చును. గొలుసు చక్రమైనది!

రెండవ లోపము ఇంకను లోతైనది. లాసీలో పెక్కు జబ్బుల లెక్క, ‘మీకు ఈ వ్యాధి ఉన్నదని వైద్యుడు ఎన్నడైన చెప్పెనా?’ అను ప్రశ్నపై ఆధారపడినది. వైద్యుని చూడనివానికి జబ్బు లేనట్లే అగును. ఈ లెక్క ప్రకారము బహువ్యాధి స్థితి కేరళలో అధికముగా కనిపించును. కేరళీయులు మిగిలినవారికంటె రోగిష్ఠులని దీనికి అర్థము చెప్పుట తొందరపాటు. అచ్చట ఆయుర్దాయము ఎక్కువ, పరీక్షలును ఎక్కువ.

స్కాట్లండులో 2012లో వెలువడిన అధ్యయనముతో దీనిని పోల్చి చూడవలెను. అక్కడ ప్రతి పౌరునికి కుటుంబ వైద్యుడు ఉండును. సుమారు 17 లక్షల 50 వేలమంది వైద్య దాఖలాలను బార్నెట్, ఆమె సహచరులు పరిశీలించిరి. నూటికి 23 మందికి రెండు లేక అంతకు మించిన దీర్ఘవ్యాధులు ఉండెను. మిక్కిలి పేద ప్రాంతములలో ఈ స్థితి సంపన్న ప్రాంతములకంటె 10-15 ఏండ్లు ముందుగా ఆరంభమగుచుండెను. దాఖలా అందరికి ఉన్నచోట పేదరికము జబ్బును ముందుకు లాగుట స్పష్టముగా కనిపించినది. దాఖలా కొందరికే ఉన్నచోట పేదవాడు ఆరోగ్యవంతునిగా కనిపించును. ఉరవకొండ వేరుసెనగ చేలలో కూలి చేయు వృద్ధురాలి మౌనమును ఆరోగ్యముగా లెక్క వేయరాదు.

మూడవది కాలము. ఏ జబ్బు ముందు వచ్చెను, ఏది దాని వెంట వచ్చెను అను ప్రశ్నకు ఒక్క విడత సర్వే సంపూర్ణముగా జవాబీయజాలదు. అది ఛాయాచిత్రము వంటిది. అదే మనుష్యులను మరల మరల చూచినప్పుడే దీర్ఘకాలిక అను పేరు సార్థకమగును. నాలుగవది స్థలము. లాసీ అంకెలు రాష్ట్రమునకు వర్తించునట్లు కూర్చినవి. గోదావరి డెల్టా, కరవు పీఠభూమి ఒకే సగటులో కలసిపోవును. ఇది నివేదిక చేసిన తప్పు కాదు, దాని పరిమితి. ఆ పరిమితిని మరచి అంకెలను వాడుటయే తప్పు.

ఈ విమర్శ లెక్కల తగవు మాత్రమే కాదు. అమెరికాలో సింథియా బాయిడ్, ఆమె సహచరులు 2005లో ఒక పరీక్ష చేసిరి. ఐదు దీర్ఘవ్యాధులు గల 79 ఏండ్ల స్త్రీని ఊహించి, ఒక్కొక్క వ్యాధికి గల వైద్య సూత్రములనన్నిటిని ఆమెకు వర్తింపజేసిరి. ఆమె 12 రకముల మందులు వాడవలసి వచ్చెను. ఒకదానికి మంచిదైన సలహా మరియొకదానికి చెరుపయ్యెను. ఏ వైద్యుడును తప్పు చేయలేదు. కాని అన్నిటిని కలిపి చూచువాడు లేకపోయెను. సంపన్న దేశముననే ఇట్లున్నప్పుడు, మూడు మందులకు మూడు దారులు నడచు ఉరవకొండ నేతపనివాని మాట చెప్పనక్కరలేదు.

పాఠ్యపుస్తకములలోను ఇదే లోటు కలదు. మధుమేహము ఒక పాఠము, గుండె మరియొకటి, మూత్రపిండము వేరొకటి. ఉపాధ్యాయులు వీనిని కలిపి చెప్పవచ్చును. ఒక్కొక్క విద్యార్థి తన యింటి అవ్వకో తాతకో ఏ జబ్బు ఏ యేట తెలిసెనో, ఏ మందు ఎప్పుడు మొదలిడిరో, ఏ బావి నీరు ఎన్నేండ్లు త్రాగిరో ఒక గీతపై వరుసగా గుర్తించి వ్రాయవచ్చును. మందును మాన్పుట, మార్చుట పిల్లల పని కాదు. అది వైద్యుని పని. కాని నొప్పి బిళ్ళలతో సహా అన్నిటిని చూపు ఆ కాగితమును వైద్యుని బల్లపై పెట్టుట వారి చేతనగును. అన్ని మందులును ఒకచోట చేరుట అక్కడ మొదలగును.