నలభై సంఖ్యల పట్టిక

శంషాబాద్ విమానాశ్రయంలో తెల్లవారుజామున చెకిన్ లైన్లో నిలబడ్డవాళ్ళకి ఈ కేక అలవాటే: "బెంగళూరు ఫ్లైట్ వాళ్ళెవరైనా ఉన్నారా? ముందుకు రండి!" వెనకెక్కడో ఉన్న ఇద్దరు ముగ్గురు బ్యాగులు ఈడ్చుకుంటూ ముందుకెళ్తారు. మిగతావాళ్ళం కాస్త గొణుక్కుంటాం. కొత్త కౌంటర్ తెరవలేదు, కౌంటర్లో అమ్మాయి చేతివేగమూ పెరగలేదు. అయినా ఎవరి ఫ్లైటూ తప్పిపోదు.

కంప్యూటర్‌లో ఆ కేక వేసే పని షెడ్యూలర్‌ది. గగన్‌పహాడ్‌లో మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటుంది, లినక్స్ మీద నడుస్తుంది. మేనకోడలి పెళ్ళి వీడియోని సైజు తగ్గించడానికి పెట్టి, పక్కనే ఇది టైపు చేస్తున్నాను. వీడియో పని నాలుగు కోర్లనూ నూటికి నూరు పాళ్ళు ఆక్రమించుకుంది. అయినా 'క' కొట్టి కొమ్ము కొడితే, వేలు తీసేలోపే 'కు' తెరమీద ఉంటోంది. ఇదెలా కుదిరిందా అని షెడ్యూలర్ సోర్స్ కోడ్ తెరిచి చూస్తే, ఒక పట్టిక దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

అందులో నలభై సంఖ్యలు. యూనిక్స్ రోజుల నుంచీ ప్రతి పనికీ 'నైస్' అని ఒక విలువ ఉంటుంది; లినక్స్‌లో మైనస్ 20 నుంచి 19 దాకా. విలువ ఎంత పెరిగితే ఆ పనికి అంత మర్యాద ఎక్కువ, "ముందు మీరు కానివ్వండి" అనే రకం. పట్టిక ఒక్కో విలువకి ఒక్కో తూకపురాయి ఇస్తుంది. మామూలు పనికి, అంటే సున్నాకి, 1024. ఒకటికి 820. ఐదుకి 335. చిట్టచివర 19కి 15. అటు కొసన మైనస్ 20కి 88761. మెట్టుమెట్టుకీ దాదాపు ఒకటింబావు రెట్ల తేడా.

ఆ ఒకటింబావులోనే ఉంది పనితనం. ఒక కోర్ కోసం రెండు పనులు పోటీపడుతున్నాయనుకోండి. ఒకదాన్ని ఒక్క మెట్టు దింపితే వాటాలు 55.5, 44.5 శాతమవుతాయి. సున్నా, ఒకటి మధ్య అయినా, పది, పదకొండు మధ్య అయినా ఇంచుమించు ఇంతే. దీనికి ముందున్న షెడ్యూలర్‌లో ఈ పొందిక లేదు. అక్కడ సున్నాకి 100 మిల్లీసెకన్లు, ఒకటికి 95. 18కి 10, 19కి 5. ఒకచోట మెట్టు దిగితే ఇరవయ్యో వంతు పోయేది, ఇంకోచోట ఏకంగా సగం!

తూకపురాయి ఊరికే ఉండదు, గడియారాన్ని తిప్పుతుంది. పని నడిచినంతసేపూ దాని గడియారం తిరుగుతుంది, రాయి ఎంత తేలికైతే అంత వేగంగా. ఎవరి గడియారం వెనకబడి ఉంటే వంతు వాళ్ళది. 15 రాయి ఉన్న పని గడియారం మామూలుదానికన్నా 68 రెట్లు వేగంగా పరిగెడుతుంది కాబట్టి, ఇలా వచ్చి అలా దిగిపోవాల్సిందే. అయినా దాని వంతు దానికి తప్పకుండా వస్తుంది, పస్తులుండదు.

మరి నేను టైపు చేసే ఎడిటర్? అది ఎక్కువసేపు నిద్రపోతుంది, మీట నొక్కినప్పుడే లేస్తుంది. నిద్రలో గడియారం ఆగి ఉంటుంది కనుక లేవగానే ముందు వరసలోకి వస్తుంది. అలాగని గంటసేపు పడుకుని గంట బాకీ అడుగుతానంటే చెల్లదు. లేపి, మిగతావాళ్ళకి కాస్త ముందు మాత్రమే నిలబెడతారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చిన్న జాగ్రత్తే.

ఈ ఏర్పాటు 2007 అక్టోబర్లో లినక్స్ 2.6.23తో వచ్చింది, మన విమానాశ్రయం తెరుచుకోడానికి అయిదు నెలల ముందు. రాసినవాడు ఇంగో మోల్నార్, హంగేరీ మనిషి. న్యాయంగా పంచడం సాధ్యమేనని ముందు చూపించింది మాత్రం ఆస్ట్రేలియాలో ఆపరేషన్లకి మత్తుమందు ఇచ్చే డాక్టర్, కాన్ కోలివాస్; ఆ మాట మోల్నారే ఒప్పుకున్నాడు. 2023లో 6.6తో పీటర్ జైల్‌స్ట్రా పైన చెప్పిన వంతుల పద్ధతిని మార్చాడు. వాటా మించి వాడుకోనివాళ్ళలో ఎవరి గడువు ముందు ముగుస్తుందో వాళ్ళని పిలవడం: అచ్చం మన బెంగళూరు కేక. ఆ ఆలోచన 1995 నాటి ఒక పరిశోధన పత్రంలోది. ఇన్ని మారినా పట్టిక కదల్లేదు.

ఒక మెలిక మాత్రం ఉంది. ఒక్కో సెషన్ పనుల్ని ఒక్కో గుంపుగా చూసే ఏర్పాటు, 2011లో చేరిన ఆటోగ్రూప్, పనిచేస్తుంటే, నైస్ తేడాలు ఒకే సెషన్‌లోని పనుల మధ్యే చెల్లుతాయి. టెర్మినల్‌లో వీడియోకి 19 ఇచ్చి నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను, తీరా చూస్తే ఎడిటర్ వేరే సెషన్! ఇక మెమరీ నిండి డిస్క్ మీద పడితే ఈ పట్టిక ఏమీ చేయలేదు. నీళ్ళు రాని కొళాయి దగ్గర బిందెలు ఎంత వరసగా పెడితే ఏం?

కిటికీ అవతల ఒక విమానం కిందికి దిగుతోంది. వీడియో అరవై శాతం అయింది. నేను సరైన మాట దొరక్క ఆగినప్పుడల్లా, నా వంతు కూడా అదే వాడుకుంటోంది.