పిలిచింది ఎవర్ని, పలికింది ఎవరు?

మా తాత పాస్టరు. ఈ మాట కాయితం మీద రాయటం నాకిదే మొదటిసారి. డీఎస్సీకి కులం సర్టిఫికెట్టు కోసం పోయినప్పుడు ఒక ఆఫీసులో గుమాస్తా నా మొహంలోకి చూసి, 'మీ తాత పాస్టరంట గదా?' అన్నాడు. 'కాదు సార్, కూలి చేసేవోడు' అన్నాను. కూలి చేసింది నిజమే. ఆ 'కాదు' మాత్రం అబద్ధం. పేతురు మూడుసార్లు బొంకాడు. కోడి కూశాక ఏడ్చాడు. నేను ఒక్కసారే బొంకాను. నాకు ఉద్యోగం వచ్చింది.

ఆ తాత గురించి రాద్దామని కూర్చుంటే ఆయన రాసుకున్న ముక్క ఒక్కటీ ఇంట్లో లేదు. దొరికినవి అంతకు ముందు తరాల మీద వచ్చిన రెండు ఇంగ్లీషు పుస్తకాలు. ఒకటి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్', 1899లో అచ్చయింది. రెండోది ఆమె భర్త, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్'. ఆయన చెబితే ఆమే రాసింది. ఆయన పోయాక 1914లో వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం తెరిచినవాణ్ణి నేనే మొదలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మురిసిపోయాను, మండిపోయాను కూడా.

మురిపించినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. కనిగిరి వైపు తలకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారానికి ఉత్తరంగా పోయి, అక్కడ క్రీస్తు మాట విని వచ్చాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరు పోయేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధమై ఉన్నారు. దొర పాదం పడకముందే బోధ పల్లెలో పాకింది. బోధించినోడు బడి మొహం చూడని మాదిగ. అంతకు ముందే పేరయ్య రాజయోగం పట్టుకుని తిరిగాడనీ, ఆ దారిలో అతనికి గురువు వీరమ్మ అనే స్త్రీ అనీ ఎమ్మా రాసింది. ఈ ఒక్క సంగతి రాసినందుకు ఆమెకు దండం పెట్టొచ్చు. మావోళ్లు చీకట్లో పడుంటే ఎవరో దీపం తెచ్చారన్న కథను ఆమె పుస్తకమే కొట్టేస్తుంది. మావోళ్లు ముందునుంచీ వెతుకుతున్నారు. వెతికేవాడికే పిలుపు వినపడింది.

మండించింది ఆ పుస్తకం పేరు కిందనే ఉంది. 'ఒక తెలుగు పరయా తెగ కథలు' అన్న అర్థంలో ఉప శీర్షిక పెట్టింది. మాదిగ అనే పేరుండగా పరయా ఎందుకు? అమెరికా పాఠకుడికి అర్థం కావాలని. పేరయ్య బతుకు వాళ్లకు కథ. క్లౌ బతుకు ఆత్మకథ. ఇద్దరి మాటా ఆమె కలం మీదుగానే వచ్చింది. 'నేను' అనే హక్కు మాత్రం ఒక్కరికే దక్కింది.

రెండో పుస్తకంలో పేరుమోసిన ఘట్టం ఒకటుంది. ఒంగోలు పెద్ద కులాలవాళ్లు క్లౌ దగ్గరికి వచ్చి, మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు. ఆయనొక గదిలో, భార్య హారియెట్ ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే అధ్యాయం తగిలిందంట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. లోకం నీచులన్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనే చోటు. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. మావోళ్ల వైపు నిలబడ్డాడు, చాలు. కానీ విమర్శకుడిగా ఒకటి అడుగుతాను. ఆ అద్భుతం బంగళాలో జరిగింది. దాని బాకీ ఎక్కడ తీరింది? డప్పు కొట్టం, చచ్చిన గొడ్డును తినం, ఆదివారం పనికి రాం అన్నారు పల్లెలో మాదిగలు. ఊరి పెత్తనం మండింది. దెబ్బలు పడ్డాయి, దొంగ కేసులు పడ్డాయి. పుస్తకంలో ఇవన్నీ విజయానికి ముందు మెట్లు. పడ్డవాడికి అవి మెట్లు కావు, వీపు మీద వాతలు.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మాలు జరిగాయి. ఈ అంకె అందరికీ తెలుసు. నీళ్లలో నిలబడి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని. ఇది ఎంతమందికి తెలుసు? ఇది క్లౌ దాచిన సంగతి కాదు. చదివినవాళ్లు దాటేసిన సంగతి.

కూటికోసం మతం మారారనే మాటకు కూడా జవాబు అక్కడే ఉంది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ మూడున్నర మైళ్లు క్లౌ కాంట్రాక్టు తీసుకుని పని పెట్టించాడు. కూలి దొరికినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అదీగాక పేరయ్యకు పిలుపొచ్చింది కరువుకు పదేళ్ల ముందు. అగ్రవర్ణాల నింద అట్లుంచండి. మన ఉద్యమ మిత్రులే 'మిషనోళ్ల తొత్తు' అని పాస్టర్ని ఒక్క మాటతో తీసేస్తారు. ఆ మాట నేనూ కాలేజీలో అన్నాను, తాత బతికుండగానే.

తాత రామాయపట్నంలో బైబిలు చదువుకుని వచ్చి నాలుగు పల్లెలు తిరిగాడు. సంఘం ఇచ్చేది కొలతకు రాని గింజలు. ఒక ఊళ్లో మైకు పీకేశారు. ఇంకో ఊళ్లో సైకిలు బావిలో పడేశారు. మర్నాడు నడిచి పోయాడు. మా నాయన ఎనిమిదితో బడి మానేశాడు, ఫీజు లేక. ఇదంతా చెబితే తాత వీరుడైపోతాడు. అప్పుడు నేనూ ఆ పుస్తకాల పనే చేసినట్టు. అందుకే అవ్వను అడిగాను.

'అవ్వా, తాతకు దేవుడి పిలుపు ఎట్లొచ్చింది?'

'నాకేం తెలుసురా. పిలిచింది ఆయన్ని. పలికింది నేను' అంది.

అవ్వ పొగాకు గ్రేడింగుకు పోయింది. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుని పోలేదు. ఆ కూలితోనే పాస్టరు గారింట పొయ్యి వెలిగింది. వచ్చిన సంఘపోళ్లకు టీ కాగింది. పేరయ్య భార్య నాగమ్మ పేరు ఎమ్మా పుస్తకంలో ఉంది. ఆడది రాసింది కాబట్టి అదన్నా ఉంది. నాగమ్మ ఏం పలికిందో వినాలని ఆ పేజీల చుట్టూ చాలాసేపు తిరిగాను. ఆమె కష్టం తనదిగా కాదు, పేరయ్య నీడలోనే కనపడింది. మాదిగ బోధకుడి గొంతు దొర పుస్తకంలో తగ్గితే, మాదిగ ఆడదాని గొంతు బోధకుడి కథలో తగ్గింది. దళిత విమర్శ మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే సగం పనే.

ఇక ఆ 'కాదు' దగ్గరికి వస్తాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ మాదిగ మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు కులం పేరుతో తిట్టారని పెట్టిన కేసును కొట్టేసింది. మతం మారినవాడికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ లేదంది. తిట్టేవాడు మాత్రం మతం అడిగి తిట్టడు. తాత బైబిలు పట్టుకుపోతుంటే ఊళ్లో పిలిచింది కులం పేరుతోనే. పేరయ్య కాలంలో పిలుపుకు పలికితే ఊరు కొట్టింది. ఇప్పుడు పలికితే కాయితం కొడుతుంది. నా నోట అబద్ధం పలికించింది ఆ కాయితమే. అయినా పలికిన నోరు నాదే.

విద్యార్థులకు ఒక మాట. మీ పల్లెల్లో ముసలి పాస్టర్లున్నారు, వాళ్ల ఇంటి ఆడవాళ్లున్నారు. భక్తి ఉన్నా లేకున్నా పోయి అడగండి. వాళ్లు 'నేను' అని చెప్పేది 'నేను' గానే రాసుకోండి. మా తాత విషయంలో నేను ఆలస్యం చేశాను. అవ్వ దగ్గర మాత్రం నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటున్నాను.

సంకలనం మిత్రులు, ఉద్యోగానికి ఇబ్బందైతే పేరు మార్చుకొమ్మన్నారు. రెండ్రోజులు ఆలోచించాను. ఇంకోసారి 'కాదు' అనలేను. నా పేరే వెయ్యమన్నాను.