దోసె పిండి నేర్పిన సిలువ బన్

ఉగాదికి పై అంతస్తు ఆంటీ బచ్చాలు పెట్టి పంపిన స్టీలు డబ్బా పది రోజులుగా మా వంటింట్లోనే ఉంది. మరచిపోయి కాదు. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపే అలవాటు మా ఇంట్లో లేదు, వాళ్ళింట్లోనూ లేదు. గుడ్ ఫ్రైడే సాయంత్రం చర్చి నుంచి వచ్చాక అందులో నాలుగు సిలువ బన్‌లు సర్ది మెట్లెక్కుతాను. నాచారం హెచ్ఎంటీ నగర్‌లో ఈ ఫ్లాటుకి వచ్చి పదిహేనేళ్లు. అప్పటినుంచీ ఆ డబ్బా ఇలా ఎక్కుతూ దిగుతూనే ఉంది. మూత తీయకముందే ఆమె అడిగే మాట కూడా మారలేదు.

"గుడ్డు వెయ్యలే గద బిడ్డా?"

"వెయ్యలే ఆంటీ."

మొదట్లో ఆమె కోసమే గుడ్డు మానేశాను. తర్వాత్తర్వాత గుడ్డు లేని బన్ నాకే నచ్చింది. మెత్తదనం పాలూ వెన్నా ఇస్తాయి, మసాలా వాసనకి గుడ్డు వాసన అడ్డం రాదు.

సిలువ బన్ అంటే బేకరీల్లో హాట్ క్రాస్ బన్ అని బోర్డు పెట్టేదే. దాల్చిన చెక్క, జాజికాయ, కిస్మిస్ పడ్డ తీపి బన్, నెత్తిన పిండితో గీసిన తెల్లటి సిలువ. గుడ్ ఫ్రైడే దగ్గర పడితే సికింద్రాబాద్ బేకరీల్లో ఎప్పటినుంచో దొరుకుతుంది. ఉన్న మాట చెప్తాను, కొన్నవాటిలో చాలా వరకు నాకు నచ్చవు. కారణం టూటీ ఫ్రూటీ. పచ్చి బొప్పాయి ముక్కలకి రంగు పట్టించి పాకంలో ఊరబెడితే టూటీ ఫ్రూటీ అవుతుంది. దానికి తీపి తప్ప మరో గుణం లేదు. ఈ బన్‌కి కాస్త చేదు కావాలి. సిలువ గీసేది శుక్రవారం తినడానికి. మొత్తం తీపి అయితే అది ఏ రోజు బన్ అయినా కావచ్చు.

మా ఇంటికి ఈ బన్ లాలాగూడ నుంచి వచ్చింది. నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. 1893లో నిజాం రైల్వే కాలంలో పెట్టిన వర్క్‌షాప్ అది. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెలిశాక తెల్లవాళ్ళ రొట్టెలు ఈ వైపు వచ్చాయి. రైలు వచ్చాక ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు లాలాగూడ, మెట్టుగూడ క్వార్టర్లలో స్థిరపడ్డాయి. మా వరసలో మూడో క్వార్టర్ ఒక రైలు డ్రైవర్‌ది. ఆయన భార్య, మాకు ఆంటీ, గుడ్ ఫ్రైడే ముందు రాత్రి పెద్ద ఎనామిల్ బేసిన్‌లో పిండి కలిపేది. ఆ రోజుల్లో ఇంట్లో ఓవెన్ ఎవరికుంది? క్రిస్మస్ కేకైనా, బిస్కెట్లైనా ఇంట్లో కలిపి బేకరీ భట్టీకి పంపడమే. ట్రేలు తారుమారు కాకుండా కాలేదాకా ఎవరో ఒకరు అక్కడ కూర్చోవాలి. ఆ కూర్చునే పని నాది. భట్టీ ముందు బెంచీ మీద, తెల్లవారుజామున, ఆ వాసన పీల్చుకుంటూ. వరసలో మొదటి బన్ నా చేతిలో పెట్టి, "చర్చి అయ్యేదాకా తినకు" అనేది ఆంటీ. తినలేదు. ఎన్నడూ తినలేదు.

ఆమె దగ్గర మా అమ్మ నేర్చుకుంది. వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోయేటప్పుడు ఒక రైల్వే ఫారం వెనక కొలతలన్నీ రాసిచ్చి పోయింది. అన్నీ ఔన్సుల్లో.

ఈ బన్ ఇంట్లో చేసుకోవడం వెనక ఒక పాత కథ ఉంది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1592లో, లండన్ మార్కెట్ల అధికారి ఒక ఉత్తర్వు తెచ్చాడు. మసాలా బన్‌లు గుడ్ ఫ్రైడేకి, క్రిస్మస్‌కి, ఎవరినైనా ఖననం చేసే రోజున తప్ప అమ్మకూడదని. ఆంక్షంతా అంగడి మీద. ఇంట్లో పిసుక్కునే పిండికి ఏ ఉత్తర్వు అడ్డు వస్తుంది? లండన్‌లోనైనా లాలాగూడలోనైనా ఈ బన్‌ని కాపాడింది వంటిల్లే అనిపిస్తుంది నాకు.

నా చేత్తో నేను ఒంటరిగా మొదటిసారి చేసింది 2011లో. ఆ ఏడు గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 22న పడింది. కొత్త ఫ్లాటు, కొత్త ఓటీజీ. లాలాగూడ ఆంటీ రాసిచ్చిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. పిండిని వెచ్చటి చోట గంటన్నర ఉంచమంది, ఉంచాను. ఏప్రిల్ నెల నాచారంలో వెచ్చటి చోటు వెతుక్కోవాలా? వంటగదే పొయ్యిలా ఉంది. నలభై నిమిషాలకే పిండి గిన్నె అంచు దాటింది. నేను మాత్రం గడియారం ముల్లు చూస్తూ కూర్చున్నాను. గంటన్నరకి గుడ్డ తీస్తే గుప్పున కల్లు వాసన కొట్టింది. ఓవెన్‌లో బాగానే లేచిన బన్‌లు బయటికి తీయగానే కుంగిపోయాయి, నోట్లో పెట్టుకుంటే పులుపు. మర్నాడు ఈస్టర్ కోసం వచ్చిన అమ్మ ఒకటి తుంచి వాసన చూసింది.

"దోసెల పిండికి గడియారం చూస్తవా బిడ్డా? ఎండకాలం సగం రాత్రికే పొంగుతదని నీకు తెల్వదా? మరి దీనికెందుకు చూసినవ్?"

పన్నెండేళ్ల వయసు నుంచి దోసె పిండి రుబ్బిన చేతులు నావి. చలికాలం గిన్నెకి దుప్పటి కప్పడం, మే నెలలో పొంగకముందే ఫ్రిజ్‌లోకి తోయడం ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. బన్ అనేసరికి అది పరాయి విద్య అనుకుని, తెలిసిందంతా పక్కన పెట్టాను. ఆంటీ కాగితంలోని గంటన్నర ఇంగ్లండ్ వంట పుస్తకంలోంచి దించుకున్నదట, అమ్మ చెప్పింది. ఆంటీ చేతులు మాత్రం మన ఎండని చూసి పనిచేసేవి. అర్ధరాత్రి కలిపి, తెల్లారేలోపే భట్టీకి పంపడం అందుకే.

ఆ తర్వాత ప్రతి ఏడూ నోటుబుక్కులో తేదీ పక్కన ఈస్ట్ ఎంత వేశానో రాసుకుంటున్నాను. ఈస్టర్ ఒక తేదీకి కట్టుబడదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. అంటే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎప్పుడైనా రావచ్చు. లండన్‌లో ఆ నెల తేడాతో కోటు మారుతుందేమో, మన దగ్గర పిండి లెక్కే మారిపోతుంది. మార్చి నెలాఖరైతే అరకిలో మైదాకి 6 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేస్తాను, ఏప్రిల్ మూడో వారమైతే నాలుగే. పోయినేడు ఏప్రిల్ 18న వచ్చింది, ఫ్రిజ్‌లోని చల్లటి పాలతోనే కలిపాను. ఈస్ట్ ప్రాణమున్న వస్తువు. అరవై డిగ్రీల వేడి దగ్గర పడితే చచ్చిపోతుంది, చలికి నిద్రపోతుంది, మన మధ్యాహ్నపు ఎండలో పరుగులు పెడుతుంది. ఆ పరుగులో పిండి ఉబ్బుతుంది గానీ రుచి పట్టదు. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన పిండికి నిదానంగా వచ్చే కమ్మదనం వేరు.

అరకిలో మైదాకి పాలు 300 మిల్లీలీటర్లలోపు, పంచదార 75 గ్రాములు, వెన్న 60, ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచా. వెన్న మొదట వేయకండి. పిండి బాగా పిసికి, సాగే గుణం వచ్చాక కొంచెం కొంచెంగా కలపాలి. బచ్చాల పిండి కంటే ఒక పిసరు గట్టిగా, పూరీ పిండి కంటే చాలా మెత్తగా ఉండాలి. నిమ్మకాయంత ముద్ద తీసుకుని వేళ్ళతో పల్చగా సాగదీసి ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుంటే, తెగకుండా వెలుగు కనిపించాలి. చేత్తో అయితే పదిహేను నిమిషాల పని. మొదటి ఐదు నిమిషాలు వేళ్ళకి అంటుకుని విసిగిస్తుంది, అప్పుడు పొడి మైదా చల్లారంటే బన్ గట్టిపడిపోతుంది. ఓపిక పట్టాలి. ఉన్నట్టుండి ముద్ద చేతిని వదిలేస్తుంది.

కిస్మిస్ గుప్పెడన్నర, గంట ముందే గోరువెచ్చటి నీళ్ళలో నానాలి. లేదంటే పిండిలోని తడి లాగేసుకుంటాయి.

ఇక చేదు సంగతి. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బత్తాయి జ్యూస్ బండ్లు చూసే ఉంటారు. బత్తాయికి నల్లగొండ పెట్టింది పేరు. కాయల తొక్క తీసి, రసం పిండి ఇస్తారు, తొక్కలు బండి కింద బుట్టలో పోగుపడతాయి. నాకు తెలిసిన ఒక బండి దగ్గర ఇద్దరికి జ్యూస్ చెప్పి, నా ముందే కడిగిన కాయల తొక్క అడిగి తెచ్చుకుంటాను. మొదటిసారి అడిగినప్పుడు బండి ఆయన దేనికమ్మా అన్నాడు. చెప్పాను. మరుసటి ఏడు ఆయనే పలకరించాడు, "పండుగ దగ్గరికొచ్చినట్టుంది గదమ్మా." లోపలి తెల్లటి బెండు గీకేసి, సన్నటి పోగులుగా కోసి, నీళ్ళు మారుస్తూ మూడుసార్లు మరిగించాలి. ఒక్కసారితో సరిపెడితే చేదు నాలుకని పట్టుకుంటుంది, ఐదుసార్లు మరిగిస్తే ఏ రుచీ మిగలదు. ఆ తర్వాత సమానంగా పంచదార వేసి, తొక్క అద్దంలా మెరిసేదాకా సన్న సెగ మీద ఉడికించి, పళ్ళెంలో ఒక రోజు ఆరనివ్వాలి. బన్ కొరికినప్పుడు ముందు తీపి, వెనకే చిన్న చేదు. టూటీ ఫ్రూటీ ఇది ఇవ్వలేదు.

మసాలా నేను గురువారం రాత్రి ఆరాధన నుంచి వచ్చాక దంచుతాను. దాల్చిన చెక్క రెండు అంగుళాలు, లవంగాలు నాలుగు, యాలకులు ఆరు, జాజికాయ పావు ముక్క, చిటికెడు శొంఠి. ప్యాకెట్ పొడి వాడను. దాల్చిన చెక్క మోతాదు మించితే ఈస్ట్ బలం తగ్గుతుంది, బన్ పైకి లేవదు. అందుకే ఎక్కువ వేయాలన్న ఆశని ఆపుకోవాలి. చిన్న రోట్లో దంచుతుంటే లూకా సువార్తలోని ఆ స్త్రీలు గుర్తొస్తారు. సిలువ నుంచి దించిన దేహాన్ని ఎక్కడ ఉంచారో చూసి, ఇంటికి వెళ్ళి సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకున్నారు. విశ్రాంతి దినమంతా ఆగి, ఆదివారం తెల్లవారుతుండగానే వాటిని పట్టుకుని సమాధికి వెళ్ళారు. దుఃఖంలో ఉన్న మనిషి చేతికి పని కావాలి, అప్పటికి వాళ్ళకి దొరికిన పని అదే. అమ్మ పోయిన ఏడు నేనూ ఆ రాత్రి దంచాను. ఏడుస్తూనే దంచాను. మానాలనిపించలేదు.

శుక్రవారం పొద్దున్నే ఐదింటికి పిండి ఫ్రిజ్‌లోంచి తీసి, పన్నెండు ఉండలు చేసి, ట్రేలో వేలెడు ఎడంతో పేరుస్తాను. ఇక్కడా గడియారం వద్దు. వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా నిండుతూ ఉంటే ఓవెన్‌కి సిద్ధం. వెంటనే నిండితే ఇంకా ఆగాలి, నిండకపోతే ఆలస్యం అయినట్టే. సిలువ కోసం మైదాలో నీళ్ళు కలిపి, చిక్కటి జారుగా చేసి, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్‌ని మెహందీ కోన్‌లా చుట్టి నింపుతాను. వరసంతా ఒకే గీత, అడ్డంగా మళ్ళీ ఒకే గీత. బన్ బన్‌కీ ఆగితే గీత వంకర పోతుంది. 190 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు. మెరుపుకి ఇంగ్లండ్‌లో ఆప్రికాట్ జామ్ పూస్తారు. మన హైదరాబాద్ ఖుబానీ కూడా ఆ పండే కదా. నాలుగు ఖుబానీలు నానబెట్టి, ఆ నీళ్ళలోనే పంచదార వేసి మరిగించి, బన్‌లు ఓవెన్‌లోంచి రాగానే పైన పూస్తాను. వేడి మీద పూస్తేనే పడుతుంది.

ఎనిమిదింటికల్లా ఇల్లంతా వాసన. ఇంట్లో అందరం ఉపవాసమే. పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో ఏడు మాటల ధ్యానం. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ప్రార్థన చేసుకున్నాకే మొదటి బన్ తుంచడం. ఓటీజీ లేనివాళ్ళు పాత కుక్కర్‌లో ఉప్పు పోసి, స్టాండు మీద ట్రే పెట్టి కాల్చుకోవచ్చు. గాస్కెట్, విజిల్ తీసేయాలి. పైరంగు కాస్త తక్కువ వస్తుంది, రుచి తగ్గదు.

ఇవాళ మట్టల ఆదివారం. గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3న. చేయాలనుకునేవాళ్ళు బత్తాయి తొక్కలు మంగళవారానికల్లా తెచ్చుకోండి, పాకంలో ఉడికి, ఒక రోజు ఆరాలి.